హన్మకొండ నుంచి రామప్ప, లక్నవరం: క్లబ్బు బైకు రైడ్‌ను ఒక్క పగటిలో సక్రమంగా నడిపించే విధానం

ఒంటరిగా రెండు వందల కిలోమీటర్లు హాయిగా వెళ్లి వచ్చేవారు కూడా పదిహేను బండ్లను వెంటబెట్టుకుని బయలుదేరవలసి వచ్చేసరికి తడబడతారు. ఎవరు ముందుండాలి, ఎవరు వెనకుండాలి, ఎవరైనా దారి తప్పితే ఏం చేయాలి అన్న ప్రశ్నలు కొత్తగా క్లబ్బులు పెట్టుకున్నవారి నుంచి తరచుగా వస్తున్నందున, మేము పాటించే పద్ధతిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్న దారి హన్మకొండ, ములుగు, రామప్ప గుడి, లక్నవరం చెరువు, నర్సంపేట, వరంగల్. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. ఇదే పద్ధతి పాఖాలకైనా, కాళేశ్వరానికైనా పనికివస్తుంది.

ఈ పద్ధతికంతటికీ ఆధారం ఒకే నియమం: ప్రతి ఒక్కరూ తన వెనక వచ్చే బండికి బాధ్యులు. ముందు బండిని అందుకోవాలనే తొందరతో కాకుండా, వెనక బండి అద్దంలో కనబడుతోందా లేదా అని చూసుకుంటూ నడిపితే జట్టు విడిపోదు.

1. తేదీని, సమయాన్ని నిర్ణయించడం

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఈ దారికి అనువైన కాలం. జూలై నుంచి సెప్టెంబరు వరకు భారీ వర్షాలు పడితే కటాక్షపూర్ చెరువు మత్తడి దూకి జాతీయ రహదారి 163 మీదుగానే నీరు పారుతుంది. లారీలు దాటుతున్నాయి కదా అని బైకుతో ఆ నీటిలోకి దిగడం ఎంతమాత్రం తగదు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి హెల్మెట్, జాకెట్ వేసుకుని మధ్యాహ్నం బండి నడపడం శిక్షే అవుతుంది.

రెండేళ్లకోసారి, సరి సంఖ్య సంవత్సరాల్లో, మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. జాతర నాలుగు రోజులే కాదు, ముందస్తు మొక్కుల కోసం అంతకు ముందు వారాల్లో కూడా ములుగు దారి వాహనాలతో కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజుల్లో ఈ దారిని వదిలిపెట్టండి.

డిసెంబరులో సాయంత్రం 5.45 ప్రాంతానికే పొద్దు గూకుతుంది. కాబట్టి సమయాలను చివరి నుంచి వెనక్కి లెక్కవేయాలి.

- ఉదయం 6.15: హన్మకొండలో కలుసుకోవడం
- 6.45: బయలుదేరడం
- 8.00: ములుగులో టిఫిన్
- 9.15: రామప్ప
- 11.30: లక్నవరం, 12.30కి భోజనం
- 2.15: తిరుగు ప్రయాణం
- 5.15 లోపు: వరంగల్

ఈ లెక్కలో గంటకు సగటున 40 కిలోమీటర్లకు మించి వేసుకోలేదు. 60 వేసుకున్నవారు ప్రతిసారీ చీకట్లో ఇల్లు చేరుతారు.

2. జట్లుగా విడగొట్టడం, బాధ్యతలు అప్పగించడం

పదిహేను బండ్లు ఒకే వరుసగా వెళ్లకూడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. బండికీ బండికీ సెకను ఎడమే ఉంచినా పదిహేను బండ్ల వరుస 240 మీటర్లు సాగుతుంది. అంత పొడవైన వరుసను ఆర్టీసీ బస్సు ఒక్క ఊపులో దాటలేదు. మధ్యలో దూరక తప్పదు, దూరినప్పుడు ఎవరో ఒకరు రోడ్డు దిగక తప్పదు.

అందుచేత ఐదు లేదా ఆరు బండ్లకు ఒక జట్టు. జట్టుకూ జట్టుకూ మధ్య రెండు మూడు నిమిషాల ఎడం. ప్రతి జట్టులో ఈ స్థానాలు ముందే నిర్ణయమై ఉండాలి.

- లీడ్: మొదటి బండి. దారి తెలిసినవారు, నిదానస్తులు ఉండాలి. అందరికంటే వేగంగా నడిపేవారిని లీడ్‌గా పెట్టడం క్లబ్బులు చేసే మొదటి పొరపాటు.
- రెండవ స్థానం: కొత్తవారు, తక్కువ సీసీ బండి ఉన్నవారు. లీడ్ తన అద్దంలో వీరిని చూసి వేగం నిర్ణయించాలి.
- మధ్య స్థానాలు: అలవాటైనవారు, వెనక కుటుంబ సభ్యులను కూర్చోబెట్టుకున్నవారు.
- స్వీప్: చివరి బండి. పనిముట్లు, ప్రథమ చికిత్స పెట్టె వీరి దగ్గరే ఉండాలి. వీరు ఎవరినీ దాటకూడదు, ఎవరినీ వెనక వదలకూడదు.

కొత్తవారిని చివర పెడితే వరుస సాగినప్పుడల్లా అందుకోవడానికి వారే ఎక్కువ వేగంతో నడపవలసి వస్తుంది. ముందు బండి 60లో ఉంటే చివరి బండి 80 తాకుతుంది. ఇది ఒకసారి చివర్న నడిపి చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు.

3. బండిని సిద్ధం చేసుకోవడం

ఈ పని రైడ్ ఉదయం కాదు, కనీసం రెండు రోజుల ముందు చేయాలి. లోపం బయటపడితే మెకానిక్ దగ్గరికి వెళ్లడానికి సమయం ఉంటుంది.

- టైర్లు: గాలిని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఎంత ఉండాలో బండి పుస్తకంలో గాని, చెయిన్ కవర్ దగ్గరి స్టిక్కర్ మీద గాని ఉంటుంది. గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తు టైరు పైభాగానికి సమంగా వచ్చిందంటే టైరు మార్చాలి.
- చెయిన్: చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు సరిపోతుంది. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే చెయిన్ సెట్ కాలం తీరినట్టే.
- బ్రేకులు: ప్యాడ్ మందం, బ్రేక్ ఆయిల్ మట్టం, డ్రమ్ బ్రేకైతే బ్రేకు పట్టేముందు లీవర్ ఎంత వదులుగా కదులుతోందో.
- ఇంజిన్ ఆయిల్: బండిని సమతలం మీద నిటారుగా నిలిపి చూడాలి. సైడ్ స్టాండు మీద చూసిన కొలత తప్పు.
- తీగలు: క్లచ్ లీవర్ దగ్గర రబ్బరు తొడుగు తీసి చూడండి. ఒక్క పోగు తెగి ముళ్లులా బయటికి వచ్చినా తీగ మార్చేయాలి.
- లైట్లు: వెనక బ్రేక్ లైటు, నాలుగు ఇండికేటర్లు. జట్టులో వెనకవారికి మీరు చెప్పే మొదటి మాట బ్రేక్ లైటే.

క్లచ్ తీగ గురించి కొంచెం ఎక్కువగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఒకసారి లక్నవరం అడవి దారిలో నా బండి తీగ తెగింది. చేతి సంచిలో కొత్త తీగ ఉన్నందున ఇరవై నిమిషాల్లో బయటపడ్డాను. అయితే తెగే ముందు వారం రోజుల నుంచీ లీవరు గరగరలాడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

పెట్రోలు సంగతి తేలిక. ముందు రోజు రాత్రే అందరూ ట్యాంకు నింపుకుని రావాలి. కలుసుకున్నాక బంకుకు వెళ్తే అరగంట పోతుంది.

4. వేసుకోవలసినవి, తెచ్చుకోవలసినవి

హెల్మెట్ నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ ఇద్దరికీ ఉండాలి, ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింది పట్టీ బిగించి ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, నాలుగు పడితే అది టోపీతో సమానం. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేనందుకు వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సు రద్దు చేసే వీలు కూడా ఉంది.

వెనక కూర్చునే ఆడవారి చున్నీ, చీర కొంగు విషయం సంకోచించకుండా ముందే చెప్పాలి. కొసలు నడుముకు దోపుకోవాలి, శారీ గార్డు లేని బండి మీద చీరతో కూర్చోకపోవడమే మంచిది.

ఒక్కొక్కరి వద్ద:

- లైసెన్సు, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ పత్రం (డిజిలాకర్‌లో ఉన్నవి చెల్లుతాయి)
- పూర్తి చేతుల జాకెట్, గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు
- రెండు లీటర్ల నీళ్లు
- రక్తం గ్రూపు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కాగితం, జేబులో

స్వీప్ వద్ద:

- ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, గాలి పంపు, ట్యూబు టైర్ల బండ్లు ఉంటే ఆ కొలత ట్యూబు
- క్లచ్, ఏక్సిలరేటర్ తీగలు, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, పానాలు
- ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ, తాడు
- గాయాల మీద వేసే పలుచటి గుడ్డ (గాజ్), బ్యాండేజీలు, యాంటీసెప్టిక్, కత్తెర

5. బయలుదేరే ముందు పది నిమిషాలు

అందరూ ఇంజిన్లు ఆపి, హెల్మెట్లు తీసి, గుండ్రంగా నిలబడాలి. లీడ్ ఈ విషయాలు గట్టిగా చెప్పాలి: ఆగే చోట్లు, గరిష్ఠ వేగం, చేతి సైగలు, ఎవరు ఏ స్థానం. చెప్పిన తరువాత కొత్తవారిలో ఒకరిని ముందుకు పిలిచి తిరిగి చెప్పించండి. అందరూ తల ఊపుతారు గాని అడిగితే సగం మందికి గుర్తుండదు.

సైగలు ఐదు చాలు. చేయి పైకెత్తి అరచేయి చూపితే ఆగుతున్నాం. ఒక వేలు పైకెత్తితే ఒంటి వరుస. రెండు వేళ్లు ఎత్తితే జంట వరుస. కాలు చాపి చూపితే ఆ వైపు గుంత లేదా రాయి. ట్యాంకు మీద తడితే పెట్రోలు కావాలి. ప్రతి సైగనూ చూసినవారు వెనకవారికి అందించాలి.

మరొక నియమాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. దారిలో తాటివనాలు, ఈతవనాలు కనబడతాయి, శీతాకాలపు ఉదయం కల్లు రుచి ఎవరికీ తెలియనిది కాదు. రైడ్ ముగిసేదాకా ఒక్క గ్లాసు కూడా తాగకూడదు. తాగినవారు బండి అక్కడే పెట్టి బస్సులో రావాలి. ఈ మాట ముందు చెప్పకపోతే అక్కడ చెప్పడం మొహమాటమవుతుంది.

6. రోడ్డు మీద వరుస

వెడల్పైన, సాఫీ రహదారి మీద జంట వరుస. లీడ్ తన లేనులో కుడి పక్కన, రెండవవారు ఎడమ పక్కన, మూడవవారు మళ్లీ కుడి పక్కన. మీకు నేరుగా ఎదుట ఉన్న బండికి రెండు సెకన్ల ఎడం, ఏటవాలుగా ఉన్న బండికి ఒక సెకను. ముందు బండి కరెంటు స్తంభాన్ని దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. రెండు అనేలోపు మీరు అదే స్తంభాన్ని చేరితే దగ్గరగా ఉన్నట్టు.

ఇద్దరూ పక్కపక్కన మాట్లాడుకుంటూ నడపడం జంట వరుస కాదు. ఒకరు గుంత తప్పించబోతే మరొకరి మీదికే వెళ్తారు.

ఊళ్లలో, మలుపుల్లో, ఇరుకు వంతెనల మీద, అడవి దారిలో ఒంటి వరుసకు మారాలి. జంగాలపల్లి దగ్గర రామప్పకు మళ్లిన తరువాత అంతా ఒంటి వరుసే.

ఓవర్‌టేక్ ఎవరికి వారు చూసుకుని చేయవలసిన పని. ముందువారు దాటారని వెనకవారు దాటకూడదు, ముందువారు చేయి ఊపి రమ్మని పిలవకూడదు. దాటినవారు వెంటనే వేగం తగ్గించకుండా, వెనకవారు వచ్చి చేరడానికి చోటు వదులుతూ ముందుకు సాగాలి. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది: లారీని దాటి లోపలికి వచ్చిన బండి అక్కడే నిదానిస్తుంది, తరువాతి బండికి లోపలికి రావడానికి జాగా ఉండదు, ఎదురుగా బస్సు.

7. మలుపుల దగ్గర ఎవరూ తప్పిపోకుండా

మూడేళ్ల కిందట మా జట్టు గుడెప్పాడ్ కూడలిలో రెండుగా చీలింది. లీడ్ నేరుగా ములుగు వైపు వెళ్లాడు. నాలుగవ బండికి ముందు ఒక ట్రాక్టరు అడ్డం వచ్చింది. ట్రాక్టరు వెనక ఉన్న ముగ్గురూ ఎడమకు తిరిగి పరకాలలో తేలారు. ఫోన్లు మోగినా హెల్మెట్లలో ఎవరికీ వినబడలేదు. టిఫిన్ దగ్గర గంటన్నర ఎదురుచూసిన తరువాత గాని సంగతి తెలియలేదు. ఆ రోజు నుంచి ఈ పద్ధతి తప్పనిసరి చేశాము.

దారి మారే ప్రతి కూడలిలో లీడ్ రోడ్డు అంచును చేత్తో చూపుతాడు. వెంట వచ్చే రెండవవారు అక్కడ సురక్షితంగా పక్కకు ఆగి, వెనకవారికి దారి చూపుతూ నిలబడతారు. మా క్లబ్బులో వీరిని మలుపు మనిషి అంటాము. స్వీప్ వచ్చేదాకా వారు కదలరు. స్వీప్ రాగానే అతనికి ముందు చేరి సాగుతారు. తరువాతి కూడలిలో అప్పటికి రెండవ స్థానంలో ఉన్నవారు ఆగుతారు. కొత్తవారు రెండవ స్థానంలో ఉంటే ఈ పనికి వారిని దింపకుండా మూడవవారిని ఆపాలి.

ఈ దారిలో మలుపు మనిషి తప్పనిసరిగా ఉండవలసిన చోట్లు:

- గుడెప్పాడ్ కూడలి (పరకాల దారి చీలేది)
- జంగాలపల్లి (రామప్పకు ఎడమ మలుపు)
- లక్నవరానికి రహదారి నుంచి మళ్లే చోటు
- తిరుగు ప్రయాణంలో మల్లంపల్లి (నర్సంపేట దారి)
- నర్సంపేట పట్టణంలో ప్రతి కూడలి

8. మన రోడ్ల మీద ప్రత్యేకంగా చూడవలసినవి

బైకు పుస్తకాల్లో ఇవి ఉండవు, అయితే మన దగ్గర పడిపోయే బండ్లలో చాలావరకు వీటి వల్లే పడతాయి.

వడ్లు, మక్కలు: కోతల కాలంలో, అంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మేలలో, సగం రోడ్డు కల్లమవుతుంది. గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. అంతకంటే ప్రమాదం కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు. రాత్రి నల్లటి టార్పాలిన్ కప్పితే అవి అసలు కనబడవు. ముందే వేగం తగ్గించుకుని, గింజల మీదికి వెళ్లక తప్పకపోతే బండిని నిటారుగా ఉంచి, బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా దాటాలి. రైతుతో గొడవ పడకండి, వానమబ్బు చూసి అతను పడే ఆరాటం మన రైడ్ కంటే పెద్దది.

కేజ్ వీల్స్ (దమ్ము చేసే ట్రాక్టరు ఇనుప చక్రాలు) బురద: నాట్ల సమయంలో పొలం నుంచి ఎక్కిన ట్రాక్టరు రోడ్డు మీద బురద గడ్డలు వదులుతుంది. పొద్దున మంచు తగిలితే అది సబ్బులా మారుతుంది.

పత్తి, మిర్చి బండ్లు: వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాలీల్లో సరుకు పక్కలకు పొంగి ఉంటుంది, వెనక లైటు ఉండదు. ట్రాలీ వెనక నిలబడి అవకాశం కోసం చూడకండి. మూడు సెకన్ల ఎడం ఉంచి, అవతలి దారి పూర్తిగా కనబడినప్పుడే దాటండి.

గొర్లు, బర్రెలు: ఉదయం తొమ్మిది ప్రాంతంలోను, సాయంత్రం నాలుగు తరువాతను మందలు రోడ్డెక్కుతాయి. హారను కొడితే గొర్లు చెల్లాచెదురవుతాయి. ఇంజిన్ వేగం తగ్గించి, కాపరి చేయి చూపినప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లాలి. మందలో సగం దాటిన తరువాత మిగతా సగం కూడా దాటుతుందని తెలుసుకోండి.

ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు: రంగు ఉండదు, బోర్డు ఉండదు. ఊరి పేరు పలక కనబడగానే 40కి దిగడం ఒక్కటే ఉపాయం. సైలెన్సర్ మార్పించినవారు ఊళ్లలో మరీ నెమ్మదిగా వెళ్లాలి. అలాంటి బండ్లను మా క్లబ్బులో అసలు రానివ్వము.

9. ఆగే చోట్లు

ములుగుకు ముందే గట్టమ్మ గుడి ఉంది. ఆ దారిన వెళ్లేవారు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ కాబట్టి మీ జట్టులోనూ కొందరు ఆగుతామంటారు. ఆగేది ముందే ప్రణాళికలో పెట్టి, బండ్లన్నిటినీ రోడ్డు దింపి నిలపండి. సగం జట్టు ఆగి సగం సాగడం కూడదు.

రామప్పకు పది లోపే చేరాలనడానికి ఒక చిన్న కారణం ఉంది. చెప్పులు, బూట్లు వదిలి రాతి మీద నడవాలి. పదకొండు దాటితే బండ కాలుతుంది. పొడవాటి బూట్లు విప్పి వేసుకోవడానికే పది మందికి పదిహేను నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. బూట్ల దగ్గర ఒకరు వంతుల వారీగా ఉండాలి. కోతులు గ్లౌజులు ఎత్తుకుపోతాయి. సీటు మీద సంచి వదలడం, ట్యాంకు సంచిలో అరటిపండ్లు ఉంచడం వాటిని పిలిచి మరీ ఇవ్వడమే.

లక్నవరంలో భోజనం ముందు రోజే ఫోన్ చేసి సంఖ్య చెప్పాలి. లేకపోతే ఆదివారం నాడు ఇరవై మందికి గంట నిరీక్షణ. బిర్యానీ తినవచ్చు, అయితే తిన్న వెంటనే బండెక్కకూడదు. మా లెక్కలో భోజనానికీ బయలుదేరడానికీ మధ్య గంటకు పైగా ఉంచింది అందుకే. వేలాడే వంతెన మీదికి, పడవల మీదికి వెళ్లేవారు ఆ గంటలో వెళ్లి వస్తారు, మిగతావారు చెట్టు కింద నడుము వాలుస్తారు. ఇంటి నుంచి సర్వపిండి, సకినాలు తెచ్చేవారు ఒక జట్టులో ఇద్దరైనా ఉంటారు. కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు తిరిగి సంచుల్లోనే రావాలి.

10. బండి ఆగినప్పుడు, మనిషి పడినప్పుడు

బండి ఆగితే స్వీప్, మరొకరు మాత్రమే ఆగాలి. మిగిలిన జట్టు తరువాతి నిర్ణీత చోటు దాకా వెళ్లి ఎదురుచూడాలి. ఆరు బండ్లు రోడ్డు అంచున గుమిగూడితే కొత్త ప్రమాదానికి చోటిచ్చినట్టే. అరగంటలో బాగుకాకపోతే బండిని దగ్గరి ఊరికి చేర్చి మనిషిని వెనక ఎక్కించుకోండి.

మనిషి పడితే ఈ వరుస మారకూడదు.

- ముందు ఇద్దరు రెండు వైపులా 50 మీటర్లకు పైగా దూరం వెళ్లి వాహనాలను నిదానింపజేయాలి.
- ఒకరు 108కు ఫోన్ చేసి, ఊరి పేరు, కిలోమీటరు రాయి చెప్పాలి.
- మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే కదిలించకూడదు. ఊపిరి ఆడకపోవడం, వాంతి వంటి ఇబ్బంది ఉంటే తప్ప హెల్మెట్ తీయకూడదు. తీయవలసి వస్తే ఒకరు మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు తీయాలి.
- రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.
- నీళ్లు తాగించకూడదు. అందరూ ముందుగా చేసే పని ఇదే, ఆపవలసిన పని కూడా ఇదే. ఆపరేషన్ అవసరమైతే కడుపులో నీరు ఇబ్బంది అవుతుంది.

మీ క్లబ్బు కాని వ్యక్తి పడి ఉన్నా ఇదే వరుస. సహాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షిస్తుంది, పేరు చెప్పాలన్న నిర్బంధం కూడా లేదు.

11. తిరుగు ప్రయాణం, ఇల్లు చేరాక

మధ్యాహ్నం అందరూ అలసి ఉంటారు కాబట్టి పొద్దున నడిపిన వేగం కంటే పది తగ్గించండి. నర్సంపేటలో చాయ్ కోసం ఆగడం తప్పనిసరి, ఎవరికీ తాగాలని లేకపోయినా సరే. అక్కడి నుంచి గిర్నిబావి మీదుగా వరంగల్ దారిలో ట్రాఫిక్ పెరుగుతుంది, ఊళ్లు దగ్గరవుతాయి. ఇల్లు దగ్గరపడిందన్న తొందరలో వరుస వదిలేసేది కూడా ఈ నలభై కిలోమీటర్లలోనే. లీడ్ చాయ్ దగ్గరే ఒంటి వరుస అని మరోసారి చెప్పి బయలుదేరాలి.

పట్టణం అంచున ఒకచోట ఆగి, తలలు లెక్కపెట్టి, అక్కడి నుంచి ఎవరి దారిన వారు వెళ్లాలి. కాజీపేట, హసన్‌పర్తి వైపు వెళ్లేవారు ఒకరికొకరు తోడుగా వెళ్తే మంచిది.

- ఇల్లు చేరగానే ప్రతి ఒక్కరూ గ్రూపులో "చేరాను" అని రాయాలి. రాయనివారికి స్వీప్ ఫోన్ చేయాలి.
- మరుసటి రోజు చెయిన్ తుడిచి ఆయిల్ పెట్టాలి. రేడియేటర్ ఉన్న బండి అయితే జాలీలో ఇరుక్కున్న పొట్టును నీటితో మెల్లగా కడగాలి.
- వాడిన తీగలు, ట్యూబు, బ్యాండేజీల స్థానంలో కొత్తవి కొని స్వీప్ సంచిలో పెట్టాలి.
- భోజనం లెక్క రెండు రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే చివరికి వసూలు కానిది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురి వాటానే, దాన్ని భరించేది ఎప్పుడూ లీడే.